వర్ణముద్రణమును, పేటెంటు తగవులును

ఈ సంవత్సరము మా పత్రిక ముఖపత్రముకొఱకు ఎనిమిదవ తరగతి విద్యార్థిని యొకతె మనుబోలు వరిపొలములను చిత్రించి యిచ్చినది. పొట్టకు వచ్చిన పైరు, గట్టుమీది తాటిచెట్లు, వెనుక సాయంకాలపు టెఱ్ఱని యాకాశము. ఆ చిత్రమును కంప్యూటరు తెరమీదికి ఎక్కించి చూచినప్పుడు అందఱము ముచ్చటపడితిమి. అచ్చుకూటమునుండి మొదటి ప్రతి వచ్చినప్పుడు మాత్రము పైరు పాచిపట్టిన చెఱువువలెను, ఆకాశము ఇటుకపొడివలెను కనబడెను. ఆ బాలిక కన్నుల నీరు పెట్టుకొని "నేను వేసిన పచ్చ ఇది కాదండీ" అనెను. అచ్చుకూటపు పెద్ద యామాట విని, "అమ్మాయీ, తెర వెలుగునిస్తుంది, సిరా వెలుగును మింగుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే మా పని. ఇంకొక ప్రతి తీసి చూపిస్తాము" అని యోదార్చెను. మూడవ ప్రతికి పొత్తు కుదిరినది.

మఱునాడు తరగతిలో నొక బాలుడు మమ్ము ఇట్లడిగెను: "తెరమీది రంగును కాగితముమీదికి తప్పక తెచ్చు ఉపాయమును ఎవరైనను కనిపెట్టినచో, ఆ యుపాయము వారి సొత్తగునా? దానిని ఇతరులు వాడుకొనరాదా?" ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మూడు వందల యేండ్లుగా దీనినిగూర్చి రాజుల కొలువులలోను, న్యాయస్థానములలోను వాదములు జరిగినవి. మన తూర్పుతీరపు రంగు పనివారికిని ఈ కథలో భాగమున్నది. అందుచే ఈ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

రంగులు కలియు విధము

మొదట నొక చిన్న పరీక్ష చేసి చూడుడు. వార్తాపత్రికలోని రంగుల బొమ్మమీద మంచి భూతద్దము నుంచి చూచినచో, ఆకుపచ్చ యని మీరనుకొన్న చోట ఆకుపచ్చ సిరా ఏమాత్రము నుండదు. లేతనీలపు చుక్కలును, పసుపుపచ్చని చుక్కలును ప్రక్కప్రక్కల నుండును. వానిని దూరమునుండి చూచినప్పుడు మన కన్ను రెంటిని కలిపివేసి పచ్చదన మను భావము కలిగించును. ఇట్లే లేతనీలము, గులాబి కలిసిన యెఱుపు, పసుపు అను మూడు సిరాలతోను, నీడలకై నలుపుతోను, లోకములోని రంగులను చాలవఱకు అచ్చువేయుచున్నారు. ముద్రాపకులు మొదటి రెంటిని సయాన్, మెజెంటా అందురు.

అదే భూతద్దమును కంప్యూటరు తెరమీద నుంచినచో వేఱు దృశ్యము కనబడును. అచట ఎఱుపు, పచ్చ, నీలము అను మూడు వెలుగుల గళ్లుండును. ఎఱ్ఱని వెలుగును పచ్చని వెలుగును కలిసినచో పసుపు కనబడును. వెలుగులు కూడినకొలది తెలుపు వచ్చును. సిరాలు కూడినకొలది నలుపు వచ్చును. ఇట్లు తెరయొక్క లెక్క కూడిక, కాగితముయొక్క లెక్క తీసివేత. ఒక లెక్కలోని యంకెను మఱియొక లెక్కలోనికి మార్చవలెను. మార్చినను సిరాకును, కాగితమునకును, యంత్రమునకును తగినట్లు మఱల సవరింపవలెను. తెర చూపగల మెఱుపుపచ్చలు కొన్ని ఈ నాలుగు సిరాలకును అందనే యందవు. దీనినే రంగుల పొత్తు కుదుర్చుట యందుము. వివాదములన్నియు ఈ మార్పు చేయు పద్ధతినిగూర్చియే పుట్టినవి.

లె బ్లాన్ మూడు పలకలు

న్యూటను మహాశయుడు తెల్లని వెలుగును గాజుపట్టకముచే విడదీసి, రంగులనుగూర్చి తాను కనిపెట్టిన విషయములను 1704లో గ్రంథముగా ప్రకటించెను. ఆ కాలముననే జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున పుట్టిన జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ అను చిత్రకారుడు (1667–1741) వేఱొక తలంపు తలచెను. చిత్రకారుడు పళ్లెములో ఎన్నో రంగులు కలుపునుగదా. అవియన్నియు నీలము, పసుపు, ఎఱుపు అను మూటినుండియే పుట్టునేని, మూడు రాగిపలకలను చెక్కి, ఒక దానిమీద నొకటిగా ఒకే కాగితముమీద అచ్చొత్తినచో నిండు వర్ణచిత్రము రావలెనుగదా యని.

ఆ పని చెప్పినంత సులభము కాదు. ఈనాడు మూడు రంగులను వేఱుచేయుటకు యంత్రములున్నవి. ఆయనకు రెండు కన్నులు తప్ప మఱియేమియు లేవు. చిత్రములోని ప్రతి చోటను నీలమెంత, పసుపెంత, ఎఱుపెంత యని ఊహించి, ఆ పాళ్లకు తగినట్లు ఒక్కొక్క పలకను గరుకుచేసి, మఱల నునుపుచేయవలెను. ఒక పలక వెండ్రుకవాసి తొలగినను ముఖము చెదరును. ఇంగ్లాండు రాజగు మొదటి జార్జి 1719లో ఆయనకు ఈ పద్ధతిమీద పేటెంటు ననుగ్రహించెను. లండనులో నొక సంఘము నేర్పఱచి పెక్కు పటములు ముద్రించిరి గాని ఖర్చులు మిక్కుటమై ఆ సంఘము కూలిపోయెను. 1725 ప్రాంతమున లె బ్లాన్ తన సిద్ధాంతమును "కొలొరిత్తో" అను చిన్న పుస్తకముగా ప్రకటించి, వెలుగుల కలయిక వేఱు, రంగుపదార్థముల కలయిక వేఱు అని స్పష్టముగా చెప్పెను. మన ముఖపత్రమునకు వచ్చిన చిక్కును ఆయన అప్పుడే గుర్తించెనన్నమాట.

తరువాత ఆయన పారిసు నగరము చేరి, 1737లో ఫ్రెంచి రాజునొద్ద ప్రత్యేకాధికారము పొందెను. రాజు నియమించిన అధికారుల యెదుట తన రహస్యమును దాచక చేసి చూపవలెనను షరతు దానిలో నుండెను. 1741లో లె బ్లాన్ మరణించెను. ఆయన పనిశాలలో కొంతకాలము పనిచేసిన జాక్ గోతియె దగోతి యనునతడు ఆ యేడే తనకు అధికారము సంపాదించుకొని, మూడు పలకలతో చిత్రము పూర్తికాదనియు, నలుపునకై నాలుగవ పలకను చేర్చినవాడను తానేయనియు, కావున కళ తనదేయనియు చాటసాగెను. లె బ్లానును ఎఱిగినవారు దీనికి సమ్మతింపలేదు. గోతియె ద మోన్దోర్జ్ అను వేఱొక పెద్దమనిషి 1756లో నొక పుస్తకము వ్రాసి, లె బ్లాన్ చేసిన పనులను, చెప్పిన మాటలను వరుసగా ఎత్తి చూపి, కీర్తి ఎవరికి చెందవలెనో నిరూపింప ప్రయత్నించెను.

వర్ణముద్రణమునుగూర్చి మనకు తెలిసిన తొలి తగవులలో నిది యొకటి. ఇందలి చిక్కును గమనింపుడు. నాలుగవ పలక చేర్చుట నిజముగా మేలైన మార్పే. నేటి యచ్చులోను నలుపు సిరా నాలుగవది. కాని ఇతరుడు వేసిన పునాదిమీద నొక అంతస్తు కట్టినవాడు ఇల్లంతయు తనదే యనవచ్చునా? ఈ ప్రశ్న అటు తరువాతి ప్రతి వివాదమునందును మఱల మఱల వినబడుచున్నది.

పేటెంటు అన నేమి

పేటెంటు అను మాటకు మొదటి యర్థము "తెఱచియుంచిన పత్రము" అని. రాజు ముద్ర వేసి, ఎవరైనను చదువుకొనునట్లు మూయక యిచ్చెడి పత్రమది. ఆ యర్థములోనే దాని ధర్మము ఇమిడియున్నది. క్రొత్త ఉపాయమును కనిపెట్టినవాడు దానిని దాచక, ఆ పనిలో నేర్పు గలవాడెవడైనను చదివి చేయగలుగునంత స్పష్టముగా వ్రాసి యీయవలెను. అందులకు బదులుగా ప్రభుత్వము కొన్ని సంవత్సరములు మాత్రము, అతని యనుమతి లేనిదే ఇతరులు ఆ యుపాయమును వాడరాదను హక్కు నిచ్చును. గడువు తీరగానే అది అందఱిదగును. మనదేశమున నీ గడువు ఇప్పుడు ఇరువది సంవత్సరములు.

కావున పేటెంటు బహుమానము కాదు, ఒక యొడంబడిక. లోకమునకు విద్య, కనిపెట్టినవానికి గడువు. రంగును ఎవరును సొత్తు చేసికొనలేరు; ఒక రంగును రప్పించు పద్ధతిని మాత్రము కొంతకాలము తమదనవచ్చును. ఈ భేదమును విద్యార్థులు మఱవరాదు.

మనదేశమున ఇట్టి చట్టము మొదట 1856లో వచ్చెను. దానిక్రింద మొట్టమొదటి హక్కు కలకత్తాలోని డిపెన్నింగ్ అను నతనికి పంకా లాగెడి యంత్రమునుగూర్చి ఇయ్యబడినది. స్వతంత్రభారతము తన కనుకూలమైన చట్టమును 1970లో చేసికొనగా, అది 1972లో అమలునకు వచ్చెను.

మన తీరపు రంగు

లె బ్లాన్ పారిసులో కన్నుమూసినది 1741లో. ఆ మఱుచటి సంవత్సరము, 1742లో, మన కోరమాండల్ తీరమునుండి ఫ్రాన్సునకు ఒక లేఖ వెళ్లెను. వ్రాసినవారు ఫాదర్ కేర్దూ అను ఫ్రెంచి మిషనరీ. ఈయన తెలుగు చక్కగా నేర్చి, తెలుగు నిఘంటువును కూర్చినవారు. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలకు చుట్టఱికము కలదని 1767లోనే ఫ్రెంచి పండితులకు వ్రాసిన మేధావి. 1742 నాటి లేఖలో ఆయన వ్రాసినది మతమునుగూర్చి కాదు. ఇచటివారు నూలుబట్టమీద రంగులు వేయు విధమునుగూర్చి. క్రైస్తవులైన వారిలో ఆ వృత్తి తెలిసిన కొందఱిని వేర్వేఱుగా అడిగి, వారి మాటలను సరిపోల్చుకొని, పని మొదటినుండి చివఱవఱకు వర్ణించెను.

ఆ పని యెట్టిదో తెలిసికొనుటకు మనుబోలువారు దూరము పోనక్కఱలేదు. గూడూరు చేరి రైలెక్కి, వేంకటగిరి దాటినచో శ్రీకాళహస్తి. అచట కలంకారీ పనివారు నేటికిని ఇంచుమించు ఆ క్రమముననే పనిచేయుచున్నారు. బట్టను కరక్కాయ రసములోను పాలలోను తడిపి యారవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారము బిగించి కలము చేయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో కొన్నాళ్లు ఊరవేసి తీసిన నీటితో గీత గీయగనే, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి నల్లనగును. ఎఱుపు కావలసినచోట పటికనీటితో వ్రాయుదురు. పటిక వ్రాసినచోట కంటికి ఎఱుపు కనబడదు. తరువాత బట్టను వేరురంగులో మరగించినప్పుడు పటిక తగిలినచోట మాత్రము ఎఱుపు పట్టి నిలుచును. తక్కినచోట ఉతుకగా పోవును.

పూర్వమీ యెఱుపునకు వాడినది మన తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు. విలియం రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుడు 1795 నుండి ప్రకటించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో దీనిని పటముతో సహా వర్ణించినాడు. ఒకే వేరు, పటిక చిక్కదనమునుబట్టియు, నీటి గుణమునుబట్టియు, ఎండనుబట్టియు లేతగులాబినుండి ముదురెఱుపువఱకు వచ్చును. కావలసిన ఛాయ వచ్చుటకు ఏ పాలు ఎంతయో పనివారు తరతరములుగా ఎఱిగియుండిరి. వారి రంగుల పొత్తు పుస్తకములో లేదు. వ్రేళ్లలో నున్నది, నాలుకపై నున్నది. పటికనీటిని రుచిచూచియే దాని చిక్కదనము తెలిసికొను నేర్పరులు కలరు.

ఆనాటి యూరపులో మన బట్టలకు మిక్కిలి గిరాకి యుండెను. ఉతికినను రంగు పోని మన బట్టలకు సాటియగు బట్టను చేయుట వారికి కష్టముగా నుండెను. ఈ లేఖవంటి వర్ణనలు అచటి పనిశాలలకు తోడ్పడినవి. ఫ్రాన్సులో జూయి యను గ్రామమున 1760లో స్థాపింపబడిన అద్దకపు కార్ఖానా నేటికిని ప్రఖ్యాతి వహించియున్నది. లె బ్లాన్ రాజాధికారుల యెదుట తన రహస్యమును చెప్పినప్పుడు బదులుగా ఒక పత్రము దొరకెను. మన పనివారు చెప్పినప్పుడు ఏ పత్రమును లేదు, ఏ గడువును లేదు. వారి పేర్లయినను లోకమునకు దక్కలేదు. ఒడంబడికలో నొక పక్షమే నెఱవేఱినది.

ఇందు లేఖ వ్రాసినవారిని నిందించుటతో పని తీరదు. ఆనాటి పద్ధతి యింత వివరముగా మనకు తెలియుటకు అట్టి లేఖలే యాధారము. దాచిపెట్టిన విద్య దాచినవానితోనే నశించిన యుదాహరణములు మనదేశమున కొల్లలు. వ్రాసి యుంచుట మేలే. చెప్పినవాని పేరు వ్రాయకుండుట లోపము. రెండును నిజమే.

1869: రెండు పోటీలు

చిరివేరులో ఎఱుపు నిచ్చు పదార్థమును రసాయనశాస్త్రజ్ఞులు అలిజరిన్ అందురు. యూరపు మంజిష్ఠవేరులో నుండునదియు అదియే. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు దీనిని బొగ్గుతారునుండి తీయవచ్చునని కనుగొనిరి. చవుకగా తీయు ఉపాయమునకై పోటీ పడిరి. ఆ యిద్దఱును కారో అను వేఱొకరితో గూడి లండనులో పేటెంటునకు దరఖాస్తు పెట్టినది 1869 జూన్ 25. పదునెనిమిదవ యేటనే ఊదారంగును కనిపెట్టి పేరొందిన విలియం పెర్కిన్ ఇంచుమించు అదే యుపాయముతో దరఖాస్తు పెట్టినది జూన్ 26. ఒక్క దినము తేడా! ఒకరిదొకరు కాపీ చేసినది కాదు. ఇద్దఱును స్వతంత్రముగా కనుగొన్నదే. చివఱకు వారు విపణులను పంచుకొని రాజీపడిరి. బ్రిటను పెర్కినునకు వచ్చెను.

ఆ రాజీలో కూర్చుండనివారు ఇంకొందఱున్నారు. కార్ఖానా యెఱుపు చవుక యగుటచే ఫ్రాన్సులో మంజిష్ఠ పండించు రైతులు ఆ పంట మానవలసివచ్చెను. మన తీరమున చిరివేరు త్రవ్వువారి బ్రతుకుతెరువును క్రమముగా పోయినది. పేటెంటు తగవులో ఇద్దఱే వాదింతురు గాని దాని ఫలము పెక్కుమందికి తగులును.

అదే 1869లో, మే నెల 7వ తేదీన, పారిసులోని ఛాయాచిత్ర సంఘమువారి సభలో నొక వింత జరిగినది. ద్యుకో ద్యు ఓరన్ అను నతనిదియు, షార్ల్ క్రో అను నతనిదియు రెండు పత్రములు ఒకే దినమున చదువబడినవి. ఇద్దఱును చెప్పినది ఒక్కటే: వస్తువును మూడు రంగుల యద్దములగుండ మూడు మాఱులు ఛాయాచిత్రము తీసి, ఆ మూటిని తగిన రంగులలో నొకదానిపై నొకటి చేర్చినచో సహజవర్ణములు వచ్చునని. లె బ్లాన్ కంటితో ఊహించిన దానిని ఇక కటకమే వేఱుచేయును. ద్యు ఓరన్ 1868లోనే పేటెంటు తీసికొనియుండెను. క్రో అంతకుముందే, 1867లో, తన యుపాయమును ముద్రవేసిన కవరులో పెట్టి శాస్త్రపరిషత్తున దాచియుంచెను. ముందు తలచినవాడా, ముందు ప్రకటించినవాడా, ఎవడు కర్త? పత్రికలలో కొంత వాదము జరిగినను, ఇద్దఱును ఒకరి స్వతంత్రకృషిని ఒకరు గౌరవించి సఖ్యము వహించిరి. నేటి శాస్త్రచరిత్రలు ఇద్దఱి పేర్లను కలిపియే చెప్పుచున్నవి. తగవును పోగొట్టినది న్యాయస్థానము కాదు, పెద్దమనిషితనము.

మనదేశమున కలకత్తా నివాసియగు ఉపేంద్రకిశోర్ రాయ్ గారు (1863–1915) బొమ్మలను చుక్కలుగా విడదీసి ముద్రించు శాస్త్రమున గొప్ప పరిశోధనలు చేసి, ఇంగ్లాండులోని పెన్‌రోజ్ వార్షికపత్రికలో వ్యాసములుగా ప్రకటించిరి. ఇదియును ఒక మార్గమే. విద్యను లోకమునకు పంచిపెట్టి, పేరుతో తృప్తిపడుట.

ఒక మాటమీద నిలిచిన వ్యాజ్యము

ఇప్పుడు మన తెరకు మఱల వత్తము. అమెరికాలోని మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో విలియం ష్రైబర్ అను ఆచార్యుడు రంగులను కంప్యూటరుచే సవరించి అచ్చువేయు పద్ధతి నొకదానిని కనిపెట్టెను. దానికి 1982లో దరఖాస్తు పెట్టగా 1985లో పేటెంటు వచ్చెను. ఆయన తలంపు తేలికగా చెప్పిన నిట్లుండును: చిత్రకారునకు కావలసినది కంటికి కనబడు రంగు, యంత్రమునకు కావలసినది సిరా కొలత. ఈ రెంటిని కలగాపులగము చేయరాదు. తెరమీద చిత్రమును చూచుచు మనిషి తనకు నచ్చినట్లు దిద్దుకొనవలెను. తరువాత యంత్రము తనంత తాను లెక్కగట్టి, అదే రూపము కాగితముమీద వచ్చుటకు ఏ సిరా ఎంత కావలెనో నిర్ణయింపవలెను. మా ముఖపత్రపు కథయు ఇదియేగదా!

ఆ విద్యాలయమును, దానినుండి హక్కు పొందిన ఒక సంస్థయు కలిసి, 2001 చివర, రెండు వందలకు పైగా సంస్థలమీద వ్యాజ్యము వేసిరి. మఱుచటి యేట పేటెంటు గడువు తీరిపోవలసియుండెను. గడువులోపల జరిగిన వాడుకకు నష్టపరిహారము కావలెనని వారి కోరిక. 2006లో పై న్యాయస్థానము తీర్పు చెప్పినది. విచిత్రమేమనగా, ఆ తీర్పులో రంగులనుగూర్చిన చర్చకంటె మాటలనుగూర్చిన చర్చయే యెక్కువ. పేటెంటు పత్రములో "స్కానరు" అని వ్రాసియున్నది. చిత్రమును గ్రహించు ఏ సాధనమైనను స్కానరేయని విద్యాలయమువారు వాదించిరి. న్యాయమూర్తులు, స్కానరు అనగా గ్రహించు సాధనమునకును వస్తువునకును నడుమ కదలిక యుండవలెనని, అనగా ఒకటి రెండవదానిమీదుగా జరుగవలెనని తీర్మానించిరి. ఛాయాచిత్రములు తీయు కెమెరాలో అట్టి కదలిక యుండదుగదా. "సిరాను ఎన్నుకొను సాధనము" అను పదముల యర్థమును, పత్రములో వర్ణించిన నిర్మాణమునకే పరిమితము చేసిరి. "అందముకై సవరించు విద్యుద్వలయము" అను పదముల విషయమున మాత్రము విద్యాలయమువారి వాదము నెగ్గినది.

ఇరువది యేండ్లనాడు పత్రము వ్రాసినప్పుడు ఎవరైనను ఒక్కొక్క మాటకు ఇంత బరువుండునని తలచియుందురా? విద్యార్థులు వ్యాసములలో "ఏదో ఒక మాట పెట్టితిమిలే" అనుకొనునప్పుడు ఈ వ్యాజ్యమును జ్ఞాపకము చేసికొందురుగాక.

వర్ణముద్రణపు వివాదములన్నియు పేటెంటు వివాదములు కావు. న్యూయార్కులోని పాంటోన్ సంస్థ 1963లో సిరాల మిశ్రమములకు సంఖ్య లిచ్చి నమూనాపుస్తకము వెలువరించెను. సంఖ్య చెప్పినచో ఏ దేశపు ముద్రాపకుడైనను ఆ రంగునే కలుపగలడు. దానిని పోలిన పుస్తకమును ఇతరులు అమ్మగా, 1968లో అచటి న్యాయస్థానము ఆ యమ్మకమును తాత్కాలికముగా నిలిపివేసినది. అది గ్రంథస్వామ్యపు వివాదము. రంగును కాదు, రంగుల పట్టికను కాపాడినది.

మన చట్టము చెప్పునది

ఇక మొదటి బాలుని ప్రశ్నకు సమాధానము. మన చట్టములోని మూడవ విభాగము పేటెంటునకు తగని వానిని వరుసగా పేర్కొన్నది. ఉత్త గణితపద్ధతియు, కంప్యూటరు ఆజ్ఞావళి మాత్రమును అందులో చేరియున్నవి. కావున ఒక రంగు లెక్కను మఱియొక లెక్కలోనికి మార్చు సూత్రమును మాత్రమే కనిపెట్టినచో ఇచట పేటెంటు రాదు. దానిచే యంత్రమునందు నిజమైన సాంకేతిక ప్రయోజనము కలిగినదని చూపవలెను. ఆంధ్రదేశపు దరఖాస్తులను పరిశీలించు కార్యాలయము చెన్నపట్టణములో నున్నది.

అదే విభాగములో మఱియొక నియమము కలదు. పరంపరాగతమైన విద్యను, లేక దానినే అటునిటు మార్చినదానిని ఎవరును పేటెంటు చేసికొనరాదు. ఈ నియమము ఊరక రాలేదు. పసుపు గాయములను మాన్పునను సంగతికి 1995లో అమెరికాలో నొక పేటెంటు ఇయ్యబడగా, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాతగ్రంథములు చూపి యెదిరించి, 1997లో రద్దు చేయించినది. గమనింపుడు: నెగ్గించినది వ్రాసి యుంచిన పుస్తకమే. నోటిమాటగా మిగిలిన విద్యకు సాక్ష్యము చెప్పువారు లేరు.

పనివారి కొఱకు 1999లో వేఱొక చట్టము చేయబడి 2003లో అమలునకు వచ్చెను. ఒక ప్రాంతమునకే చెందిన వస్తువు పేరును ఇతరులు వాడుకొనకుండ అది కాపాడును. శ్రీకాళహస్తి కలంకారీయును, మచిలీపట్టణపు కలంకారీయును దానిక్రింద నమోదైనవి. ఇది పేరును కాపాడును గాని పద్ధతిని కాపాడదు. 1742లో పోయినదానిని తిరిగి తీసికొనిరాదు. అయినను, పెడనలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క చెక్కయచ్చును తప్పక ఒకేచోట ఒత్తు పనివాడు, తన యూరి పేరు తనదేయని చెప్పుకొనుటకు చట్టమున నొక యాధారము దొరకినది.

ముగింపు

ఈ తగవుల నన్నిటిని కలిపి చూచినచో మాకు తోచునది యొక్కటి. రంగు దేవుని సొమ్ము. దానిని రప్పించు విద్య మనుష్యుని కష్టము. కష్టపడినవానికి ఏదోయొక బదులు చెల్లవలెను. అది ధనము కావచ్చును, గడువు కావచ్చును, కనీసము పేరు కావచ్చును. విద్య మాత్రము ఎల్లకాలమును ఒకని పెట్టెలో నుండరాదు. పేటెంటు చట్టము ఈ రెంటి నడుమ త్రాసును సరిగా నిలుపుటకు చేసిన ప్రయత్నము. ఆ త్రాసు ఒక్కొక్కప్పుడు ధనికునివైపు మొగ్గును, ఒక్కొక్కప్పుడు వాదనలో నేర్పరివైపు మొగ్గును. వ్రాయుట రానివాని పళ్లెము తరచుగా తేలిపోవును.

అందుచే మీ యింటను, మీ వీథిలోను ఎవరికైనను ఒక చేతిపని తెలిసియున్నచో, వారియొద్ద కూర్చుండి దానిని వ్రాసికొనుడు. ఏ దినమున వ్రాసితిరో, ఎవరు చెప్పిరో, వారు సమ్మతించినచో వారి పేరుతో సహా వ్రాయుడు. ఇతరుని పద్ధతిని మీ నోటుపుస్తకములోనికి తీసికొన్నప్పుడు ప్రక్కన అతని పేరు వ్రాయుట మఱవకుడు. మా ముఖపత్రపు లోపలి వైపున చిత్రకారిణి పేరుతోపాటు, మూడు మాఱులు ప్రతి తీసి పైరుకు దాని పచ్చదనము తెచ్చిన ముద్రాపకుని పేరును అచ్చువేయించితిమి. ఆ బాలికయే అట్లు కోరినది.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. తెరమీది రంగుల లెక్కకును, కాగితముమీది రంగుల లెక్కకును గల భేదమేమి? భూతద్దముతో చూచి చెప్పుడు.

2. నాలుగవ పలకను చేర్చినవానికి ఎంత కీర్తి చెందవలెను? మీరు న్యాయాధిపతియైనచో ఏమని తీర్పు చెప్పుదురు?

3. పెర్కినునకును జర్మను శాస్త్రజ్ఞులకును నడుమ ఒక్క దినము తేడా. ముందు వచ్చినవానికే హక్కు అను నియమము న్యాయమా? కారణములు వ్రాయుడు.

4. స్కానరు అను మాటకు మీ సొంతమాటలలో, పోటీదారుడు తప్పించుకొనలేనంత స్పష్టముగా, నిర్వచనము వ్రాయుడు.

5. మీ యూరిలోని యొక చేతిపనిని చూచి, మొదటినుండి చివఱవఱకు పది వాక్యములలో వర్ణింపుడు.